ఎవరూ ముట్టుకోని రికార్డు

కాగితం మీద ‘రియాక్షన్ లేదు’ అని ఉంది. కంప్యూటర్ తెర మీద ‘రియాక్షన్ ఉంది’ అని ఉంది. రెండూ ఒకే మనిషి గురించి, ఒకే పరీక్ష గురించి. ఆ మనిషి పొద్దున తొమ్మిదీ ఆరు నిమిషాలకి ఆపరేషన్ బల్ల మీద ప్రాణం వదిలాడు.

తాక్ యున్‌సుక్ కాగితాన్ని తెర పక్కనే ఎత్తి పట్టుకుని మూడోసారి చదివింది. కొరియాలోని డేగులో ఆ పేట స్టేషన్ నేరపరిశోధన జట్టుకి ఆమే పెద్ద. యాభై మూడేళ్ళ వయసు, ముప్పై ఏళ్ళ సర్వీసు. కాగితం ఒకటి చెప్పి మనిషి మరొకటి చెప్పడం ఆమెకి రోజూ ఉండేదే. కాగితం ఒకటీ, ఆ కాగితం ఏ యంత్రంలోంచి వచ్చిందో ఆ యంత్రం మరొకటీ చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.

పోయినాయన పేరు మెంగ్ చున్‌బే. అరవై ఎనిమిదేళ్ళు. మార్కెట్ వెనక నూడుల్స్ కొట్టు. పిత్తాశయంలో రాళ్ళు తీయించుకుందామని వచ్చాడు. కోతకి ముందు చీము పట్టకుండా ఒక యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. అది ఒంటికి పడుతుందో లేదో చూడటానికి ముందుగా ఒక్క చుక్క ముంజేతి చర్మం కింద పెట్టి, పావుగంట ఆగి చూస్తారు. వాచి ఎర్రబడితే ఆ మందు మానేసి వేరేది ఇస్తారు. ఏ ఆసుపత్రిలోనైనా నర్సులు రోజుకి పది, పదిహేను సార్లు చేసే పనే అది.

ఎనిమిదీ ఇరవైకి మందు ఎక్కింది. ఎనిమిదీ ఇరవై నాలుగుకి రక్తపోటు పడిపోయింది. ఆ తర్వాత నలభై రెండు నిమిషాలు ఎంతమంది ఎంత పెనుగులాడినా లాభం లేకపోయింది.

ఇప్పుడు టైము పన్నెండూ నలభై. ఏడో వార్డు నర్సుల విశ్రాంతి గదిలో, బల్లకి అవతల, ఆ పరీక్ష చేసిన నర్సు కూర్చుని ఉంది. జెగల్ మిరాన్, ముప్పై ఒక్కేళ్ళు. రాత్రి డ్యూటీ చేసి ఇంటికి వెళ్ళి అలా పడుకుందో లేదో మళ్ళీ పిలిపించారు. జుట్టు కూడా సరిగ్గా ముడి వేసుకోలేదు. ఆమె ముందు పెట్టిన ప్యాకెట్ కాఫీ చల్లారి మీగడ కట్టింది.

"మొదటి నుంచీ చెప్పమ్మా. గడియారంతో సహా" అంది తాక్.

"ఆరూ పదికి సూది పెట్టాను మేడమ్. ఎడమ చెయ్యి. పొక్కు చుట్టూ పెన్నుతో గుండ్రం గీశాను. ఆరూ ఇరవై ఎనిమిదికి వెళ్ళి చూస్తే గుండ్రం దాటి వాచిపోయింది. పెద్దాయన నవ్వుతూ ‘దోమ కుట్టినట్టుందమ్మాయ్’ అన్నారు. వాపు అంచు పట్టుకుని ఇంకో గుండ్రం గీశాను. వచ్చి ‘రియాక్షన్ ఉంది’ అని నొక్కాను. ఆరూ ముప్పై ఒకటికి సేవ్ అయింది."

"డాక్టర్లకో నర్సులకో ఎవరికైనా నోటితో చెప్పావా?"

మిరాన్ తల దించుకుంది.

"లేదు మేడమ్. కొత్త సిస్టమ్ వచ్చాక నోటితో చెప్పడం మానేశాం. ‘ఉంది’ అని నొక్కితే చాలు, డాక్టర్‌గారి తెర మీద ఎర్ర గుర్తు పడుతుంది, ఆ మందుకి తాళం పడిపోతుంది. ఏడింటికి డ్యూటీ దిగే టైముకి చివరి గదిలో ఒకావిడకి రక్తం ఆగట్లేదు. నేనక్కడ ఇరుక్కుపోయాను. పగలు వచ్చినవాళ్ళు తెర చూసి చార్జ్ తీసుకున్నారు." ఆమె కళ్ళు నిండాయి. "ఒక్క మాట నోటితో చెప్పుంటే ఆయన ఈపాటికి గంజి తాగుతూ ఉండేవారు."

"అబ్బ! ఏం ఏడుపు, ఏం ఏడుపు" అన్నారెవరో గుమ్మం దగ్గర నుంచి.

యోమ్ జేమన్. పోలీసు హెడ్ ఆఫీసులో వైద్య నేరాల విభాగం. పన్నెండేళ్ళ కిందట తాక్ కిందే పని నేర్చుకున్నాడు. అప్పట్లో ‘అక్కా, అక్కా’ అంటూ వెనకాలే తిరిగి, ఆమె టిఫిన్‌లోంచి తినేవాడు. ఇప్పుడు ఆమెకంటే ఒక మెట్టు పైన ఉన్నాడు. ‘అక్క’ పోయి ‘తాక్ గారు’ వచ్చింది.

"తాక్ గారూ, మీకు తెలియనిది కాదు. తొమ్మిదీ నలభైకి ఆసుపత్రివాళ్ళు మాకు ప్రింటు తీసి ఇచ్చారు. ‘లేదు’ అనుంది. పదీ ఇరవైకి ఈవిడగారు వచ్చి, మా వాళ్ళు ఆపేలోపలే వార్డు కంప్యూటర్ తెరిచింది. ఇప్పుడేమో ‘ఉంది’ అంటోంది. మధ్యలో కీబోర్డు ముట్టుకుంది ఎవరట? తప్పు నొక్కింది, మనిషి పోయాడు, వచ్చి దిద్దుకుంది. ఇందులో మీకు అర్థం కానిది ఏముంది?"

"నేను దిద్దలేదు సార్! తెరిచి చూస్తే ‘లేదు’ అనే ఉంది. అది చూసే కదా నేను అరిచింది. వార్డంతా విన్నారు" అంది మిరాన్.

"అరవడం కూడా వచ్చన్నమాట" అన్నాడు యోమ్. "రెండింటికి కారెక్కిస్తున్నా. గేటు దగ్గర టీవీవాళ్ళు కూడా ఎదురుచూస్తున్నారు. సాక్ష్యం తారుమారు చేసినందుకు ఒకటి, ప్రాణం తీసినందుకు ఒకటి."

"టీవీవాళ్ళకి చెప్పిందెవరు?"

యోమ్ వాచీ చూసుకున్నాడు.

"రెండు దాకా టైముంది కదా" అంటూ తాక్ లేచింది. "అప్పటిదాకా ఈ అమ్మాయికి ఏదైనా తినడానికి పెట్టించు. కళ్ళు తిరిగి పడిపోతే అది కూడా నీ ఫైల్లోనే రాసుకోవాలి."

శవాన్ని నేలమాళిగలో ఉంచారు. అక్కడి ఉద్యోగి దుప్పటి తొలగించాడు. తాక్ ఎడమ చెయ్యి మాత్రమే చూసింది. చేతికి రక్తపోటు పట్టీ కట్టిన ఆనవాలుంది. దాని కింద, ముంజేతి లోపలి వైపు, నీలం పెన్నుతో గీసిన చిన్న గుండ్రం. దాని చుట్టూ వంకరటింకరగా ఇంకో గుండ్రం, ఇంచుమించు బొటనవేలి గోరంత. రెండు గీతలూ అప్పటికీ స్పష్టంగానే ఉన్నాయి. పొద్దున ఆపరేషన్ గదిలో ఆరుగురు ఉన్నారు. ఆ చేతికి పట్టీ కట్టారు, గొట్టం తగిలించారు, మందు ఎక్కించారు. చెయ్యి తిప్పి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. తెరలో ‘లేదు’ అని ఉన్నప్పుడు చెయ్యి చూడటం దేనికి? తాక్‌కి ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియకుండానే.

బయట బెంచీ మీద మెంగ్ భార్య కూర్చుని ఉంది. కొట్లో కట్టుకున్న ఏప్రన్ మీద కోటు వేసుకుని అలాగే వచ్చేసినట్టుంది. చేతులకి ఇంకా పిండి అంటుకుని ఉంది. తాక్ పక్కన కూర్చుని తానెవరో చెప్పింది.

"పొద్దున ఫోన్ చేశారమ్మా" అంది ఆవిడ, ఎవరూ అడక్కుండానే. "ఆరూ నలభైకి. నేను పిండి కలుపుతున్నా. ‘ఆ మందు నాకు పడదటే, నర్సమ్మాయి చెప్పింది, వేరేది ఇస్తారట’ అన్నారు. ‘జాగ్రత్తగల పిల్ల’ అన్నారు. మరి వేరేది ఇస్తామన్నవాళ్ళు అదే ఎందుకిచ్చారమ్మా?"

తాక్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ ఫోన్ కాల్ వేళ చూపించమని అడిగి, ఆరూ నలభై అని తన పుస్తకంలో రాసుకుంది.

పైకి వచ్చేసరికి ఏడో వార్డు కౌంటర్ దగ్గర ఒక నర్సు ఫోన్లో కసురుకుంటోంది. "దానికి బదులిచ్చే ఆ రెండో మందు ఇంకో పది పంపండి. అయిపోతే మేమేం చేయం? ఇవాళ ఎవరికి చూసినా రియాక్షనే! ... అవును, పొద్దున్నించీ. మీరే లెక్కేసుకోండి."

తాక్ రెండడుగులు ముందుకి వేసి, ఆగి, వెనక్కి వచ్చింది.

"మామూలుగా వందలో ఎంతమందికి వస్తుంది?"

"ముగ్గురికో నలుగురికో మేడమ్. ఇవాళ ఏం పిదపకాలమో మరి. ఇంతకుముందు ఏమీ రానివాళ్ళకి కూడా ‘ఉంది’ అని చూపిస్తోంది."

"చేతులు చూశావా?"

"చేతులా?" అంది నర్సు, అదేం ప్రశ్న అన్నట్టు.

రోగుల రికార్డులకి అచ్చులు, అంటే నింపాల్సిన గడుల నమూనాలు, తయారుచేసే విభాగం పక్క భవనంలో, మూడో అంతస్తులో. దాని అధిపతి ప్యో సంగ్జు. నలభై దాటిన సన్నటి మనిషి. తాక్ వెళ్ళేసరికి బల్ల మీద తినకుండా వదిలేసిన గింబాప్ అన్నం చుట్ట ఉంది. కళ్ళు నిద్రలేనట్టు ఎర్రగా ఉన్నాయి. మెంగ్ రికార్డు తెరవమంటే తాక్ ఆ పేరు పూర్తిగా చెప్పకముందే తెరిచేశాడు. అతను ఆ రికార్డు ఇదివరకే చూశాడని తాక్ మనసులో గుర్తు పెట్టుకుంది.

టైము ఒకటీ ఇరవై మూడు.

"దీన్ని ఎవరు దిద్దారో చెప్పు."

"ఎవరూ దిద్దలేదు మేడమ్. ఇదిగో. సేవ్ అయింది ఒక్కసారే. ఆరూ ముప్పై ఒకటి, ఎనిమిదో సెకను. జెగల్ మిరాన్. మా దాంట్లో ఏదీ చెరిపేయడం కుదరదు. దిద్దితే పాతది కింద అలాగే ఉంటుంది, కొత్తది పైన పడుతుంది, పేరుతో, వేళతో సహా. డైరెక్టర్‌గారు వచ్చినా అంతే."

"మరి తొమ్మిదీ నలభైకి ‘లేదు’ అని ప్రింటయింది. ఇప్పుడు ‘ఉంది’ అంటోంది."

"ప్రింటర్ లోపమేమో" అన్నాడు ప్యో. ఆ మాట అన్నప్పుడు తాక్ వైపు చూడలేదు.

తలుపు తోసుకుని యోమ్ వచ్చాడు, వెనకాలే మిరాన్. వేలితో ఎక్కడ నొక్కిందో ఆమెనే చూపించమందామని తాక్ కబురు పెట్టింది. ఆమెని ఒంటరిగా వదలడం ఇష్టం లేక యోమ్ తనూ వెంట వచ్చాడు.

"ప్రింటర్! వినడానికి బాగుంది" అన్నాడు యోమ్. "తాక్ గారూ, ఆ గుండ్రాల సంగతి, ఆయన భార్య చెప్పిన సంగతి కింద కాపలా ఉన్న మా వాడు చెప్పాడు. దాంతో తేలిందేమిటి? రియాక్షన్ ఉందని ఈవిడకి తెలుసు. తెలిసీ ‘లేదు’ అని నొక్కింది. ఇది ఇంకా పెద్ద నేరం."

"నువ్వు చెప్పే నేరానికి రెండో వేళ కావాలి. ఆమె దిద్దిన వేళ. రికార్డులో ఒక్క వేళే ఉంది. చూడు."

"దొంగదారి ఏదో దొరికుంటుంది."

"రాత్రంతా ఇరవై మంది రోగులని చూసుకుని, పక్కన రక్తం ఆపుతూ, నిద్ర లేకుండా వచ్చి, ఈయన ఐదేళ్ళు కష్టపడి కట్టినదానికి దొంగదారి కనిపెట్టిందా, నీ మనుషుల కళ్ళముందు?"

యోమ్ ముఖం కందిపోయింది. "మీరు నాకు పాఠాలు చెప్పే రోజులు పోయాయి."

"పోయాయి. అందుకే ఇప్పుడు ఇతన్ని అడుగుతున్నా." తాక్ కుర్చీ లాక్కుని ప్యోకి ఎదురుగా కూర్చుంది. "ఈ అచ్చు అంటే ఏమిటో నాకు చెప్పు. మా అమ్మకి చెప్తున్నట్టు చెప్పు."

అది మాత్రం ప్యోకి ఇష్టమైన విషయం. గొంతు కాస్త కుదుటపడింది.

"ఇక్కడ ఎవరూ వాక్యాలు రాయరు మేడమ్. ప్రతి విషయానికీ ఒక అచ్చు ఉంటుంది. రక్తపోటు ఉందనుకోండి, పై అంకె, కింది అంకె, పడుకుని చూశారా కూర్చుని చూశారా, ఏ చెయ్యి, ఎన్నింటికి. అన్నిటికీ గడులు. చర్మ పరీక్షకీ అలాగే. ఏ మందు, ఎక్కడ, సూది వేళ, చూసిన వేళ, ఫలితం. ఒక్కో అచ్చు మీద డాక్టర్లూ నర్సులూ నెలల తరబడి వాదులాడుకుని ఒప్పుకుంటారు. ఇదే అచ్చు వార్డులోనూ, ఆపరేషన్ గదిలోనూ, మందుల గదిలోనూ. అందుకే అందరికీ ఒకే మాట అర్థమవుతుంది."

"వాపు ఎంతో రాసే గడి లేదే?"

"ఉండేది. టైము చాలక నర్సులు ఏదో ఒక అంకె వేసేస్తున్నారని తీసేశాం."

"ఫలితం గడిలో ఈ అమ్మాయి నొక్కింది. లోపల ఏం దాచుకుంటుంది? ‘రియాక్షన్ ఉంది’ అనే మాటలా?"

"మాటలు కాదు. అంకె. మాటలు అచ్చులో ఉంటాయి. రికార్డులో అంకె ఒక్కటే ఉంటుంది. చూపించేటప్పుడు ఆ అంకెకి అచ్చులో ఏ మాట ఉందో చూసి తెర మీద పెడుతుంది."

తాక్ మిరాన్ వైపు తిరిగింది. "నువ్వు నొక్కింది ఎక్కడో చూపించు."

మిరాన్ తెర మీద వేలు పెట్టింది. "ఇదిగో, పైదే. మొదటి వరస ‘ఉంది’. కింద ‘లేదు’." ఆమె కనుబొమలు ముడిచింది. "కానీ పదీ ఇరవైకి చూసినప్పుడు ఇలా లేదు మేడమ్. పైన ‘లేదు’ ఉంది. కంగారులో పట్టించుకోలేదు."

తాక్ మెల్లిగా అడిగింది.

"ప్యో, రికార్డుకి చరిత్ర ఉంటుందన్నావు. అచ్చుకి ఉండదా?"

అతని చేతులు కీబోర్డు మీద నుంచి జారి ఒళ్ళో పడ్డాయి.

"తెరువు."

అతను తెరవలేదు. తాక్ గొంతు పెంచలేదు. "కింద ఒకావిడ చేతికి పిండితో కూర్చుని, అదే మందు ఎందుకిచ్చారని అడుగుతోంది. ఆవిడని ఇక్కడికి తీసుకురానా?"

ప్యో తెరిచాడు. రెండే వరసలు. ఇవాళ ఏడు గంటలకి నాలుగో అచ్చు అమల్లోకి వచ్చింది. ఇవాళ పదకొండూ పదిహేనుకి తిరిగి మూడో అచ్చు పెట్టారు. రెండింటికీ పక్కన ఒకే పేరు, ప్యో సంగ్జు.

"సర్జన్లు ఆర్నెల్లుగా పోరుతున్నారు మేడమ్. వందలో తొంభై ఆరుమందికి ‘లేదు’ అనే నొక్కాలి కదా, దాన్ని పైన పెట్టండి అని. రేపు తనిఖీవాళ్ళు వస్తున్నారు. నిన్న సాయంత్రం వరస పైకి లాగాను. అంతే. పైకి లాగితే అంకె కూడా మారిపోతుందని... ఒకసారి ఒక అంకెకి ఒక అర్థం ఇచ్చాక అది ఇంక దేనికీ ఇవ్వకూడదు. అది అక్కర్లేకపోతే మూల పడేసి కొత్త అంకె తేవాలి. మా పనిలో మొదటి పాఠం అదే. ఆ పాఠం చెప్పేది నేనే మేడమ్. నేనే చెప్తాను." అతను రెండో వరస మీద వేలు పెట్టాడు. "పదకొండుకి మందుల గది నుంచి ఫోన్ చేసి, నిన్న ‘లేదు’ అన్నవాళ్ళందరికీ ఇవాళ రియాక్షన్ చూపిస్తోంది, ఏమిటిది అన్నారు. అప్పుడు అర్థమైంది. వెంటనే పాత అచ్చు పెట్టేశాను."

"ఎవరికీ చెప్పకుండా."

"నాకర్థమయ్యేలా చెప్పండి ఎవరైనా" అన్నాడు యోమ్. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు.

"డబ్బులిచ్చి వెళ్ళే స్నానాల ఇంట్లో చెప్పులు పెట్టుకునే అరలుంటాయి కదా" అంది తాక్. "నీకు ఒకటో నంబరు చీటీ ఇచ్చారు. నువ్వు లోపలికి వెళ్ళాక ఎవడో అరల మీద నంబర్లు అటూ ఇటూ మార్చేశాడు. చీటీ నీ జేబులోనే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. వచ్చి ఒకటో నంబరు అర తీస్తే మాత్రం ఇంకెవరివో చెప్పులు. ఈ పిల్ల ఆరూ ముప్పై ఒకటికి ఒకటో అంకె పెట్టింది. అప్పుడు ఒకటంటే ‘ఉంది’. ఏడింటికి ఒకటంటే ‘లేదు’ అయింది. ఎనిమిదీ ఇరవైకి ఆపరేషన్ గదిలో చూసింది అదే. తొమ్మిదీ నలభైకి నీ చేతికి వచ్చిన కాగితం మీద ఉన్నదీ అదే. పదకొండూ పదిహేనుకి మళ్ళీ ‘ఉంది’ అయింది. ఆమె ఒక్కసారి నొక్కింది, సరిగ్గానే నొక్కింది."

మిరాన్ గోడకి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పొద్దుటి నుంచీ నేనేనేమో, నేనే తప్పు నొక్కానేమో అని వెయ్యిసార్లు అనుకుని ఉంటుంది. ఆమె ఏడవలేదు. ఊపిరి మాత్రం గట్టిగా పీల్చుకుంది.

యోమ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇదంతా నిపుణులు తేల్చాలి. అప్పటిదాకా ఈవిడ నా అధీనంలోనే..."

"ఆగు." తాక్ తెర వైపే చూస్తోంది. ఏడు. పదకొండూ పదిహేను. ఆ రెండు వేళలకీ మధ్య నాలుగ్గంటల పదిహేను నిమిషాలు. కౌంటర్ దగ్గర కసురుకున్న నర్సు ఇప్పుడే కదా ఫోన్ చేసింది, ఒంటిగంటకి. అచ్చు సరిచేసి రెండు గంటలైనా ఇంకా అందరికీ రియాక్షన్ ఎందుకు చూపిస్తోంది?

"ప్యో. ఆ నాలుగ్గంటల్లో పరీక్షలు చేసినవాళ్ళు కొత్త అచ్చులో నొక్కారు కదా. నువ్వు పాతది పెట్టేశాక వాళ్ళ సంగతేమిటి?"

ప్యో దాని గురించి ఆలోచించలేదు. తన తప్పు కనపడకుండా చేయడం గురించే ఆలోచించాడు.

"జాబితా తీయ్. త్వరగా!"

అతని వేళ్ళు రెండుసార్లు తప్పు కొట్టాయి. మూడోసారి జాబితా వచ్చింది. ఏడు నుంచి పదకొండూ పదిహేను దాకా చర్మ పరీక్షలు ఇరవై ఐదు. అందులో ఇరవై నాలుగింటికి ‘రియాక్షన్ ఉంది’ అని చూపిస్తోంది. ఒక్కదానికి ‘లేదు’.

"తిప్పి చదవాలి" అంది మిరాన్ గోడ దగ్గర నుంచి. "ఇరవై నలుగురికి ఏమీ లేదు. వాళ్ళకి వేరే మందు ఇస్తారు, పరవాలేదు. ఆ ఒక్కరికే..."

ఆ ఇరవై ఐదుగురిలో ఆ మందు ఎవరికి ఇవ్వకూడదో, ఆమె ఒక్కదానికే ఇవ్వొచ్చని చెబుతోంది తెర. చూ మల్‌సున్, యాభై ఏడేళ్ళు, మోకాలి ఆపరేషన్. పదకొండూ ఐదుకి నర్సు ఫలితం నొక్కింది. పది నిమిషాలకి ప్యో అచ్చు మార్చాడు. ఆమె డాక్టర్ పొద్దుటి నుంచీ ఆపరేషన్లలో ఉండి ఒంటిగంటకి గానీ ఆమె ఫైలు తెరవలేదు. ఎర్ర గుర్తు లేదు, తాళం లేదు. ఒకటీ నలభైకి నాలుగో నంబరు ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు.

గోడ గడియారం ఒకటీ యాభై ఒకటి చూపిస్తోంది.

"ఎంత దూరం?"

"ప్రధాన భవనం ఐదో అంతస్తు. పరుగెత్తినా ఎనిమిది నిమిషాలు" అన్నాడు ప్యో.

"ఫోన్ చెయ్!"

"లోపల సెల్ ఫోన్లు ఉండవు. గది నంబరు నాకు... నాకు తెలియదు."

"నాకు తెలుసు" అంది మిరాన్. అప్పటికే బల్ల దగ్గరికి వచ్చేసింది. రిసీవర్ మీద ఆమె చెయ్యి పడేలోపల యోమ్ ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"నిందితురాలు ఫోన్ ముట్టుకోవడానికి వీల్లేదు. నంబరు చెప్పు, నేను చేస్తాను."

"పోలీసునని చెప్తే వాళ్ళు పై డాక్టర్‌ని పిలుస్తామంటారు, కాగితం తెమ్మంటారు. ఆలోపల ఆవిడ పోతుంది సార్!"

"చెయ్యి వదులు జేమన్" అంది తాక్.

పన్నెండేళ్ళ తర్వాత ఆ పేరుతో పిలిచింది. అతను ఆమె వైపు చూశాడు. గొంతులో కోపం లేదు, బతిమాలడం కూడా లేదు. అతని వేళ్ళు సడలాయి.

మిరాన్ నాలుగంకెలు నొక్కింది. తాక్ స్పీకర్ మీట నొక్కింది. మూడుసార్లు మోగింది. నాలుగోసారి ఎత్తారు.

"నాలుగో గది."

"చూ మల్‌సున్ గారికి యాంటీబయాటిక్ ఇవ్వకండి. ఆవిడకి రియాక్షన్ ఉంది."

"లేదనుందే తెరలో. ఎవరండీ మాట్లాడేది?"

మిరాన్ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఆ ఆసుపత్రిలో పొద్దున తొమ్మిది నుంచీ ఏ పేరు వింటే అందరూ తల తిప్పుకుంటున్నారో ఆ పేరే చెప్పాలి. అబద్ధం చెప్పి ఇంకో నర్సు పేరు వాడొచ్చు. తాక్‌కి ఆ ఆలోచన వచ్చింది, ఆ పిల్లకీ వచ్చే ఉంటుంది.

"ఏడో వార్డు. జెగల్ మిరాన్."

అవతల యంత్రం కూత సన్నగా వినిపిస్తోంది.

"పొద్దున మెంగ్ గారి..."

"అవును. నేనే. ఆయనకి నేను ‘ఉంది’ అనే నొక్కాను. తెర తిప్పి చూపించింది. ఇప్పుడు కూడా తిప్పే చూపిస్తోంది. నన్ను నమ్మకపోయినా పరవాలేదు, మందు ఆపండి చాలు."

అవతలి గొంతు మారిపోయింది.

"ఆయనకి మందు ఎక్కించింది నేనే" అంది ఆమె. ఆ వెంటనే రిసీవర్ ఏదో బల్ల మీద పడిన చప్పుడు, అడుగుల చప్పుడు, "కట్టేయండి, గొట్టం కట్టేయండి" అన్న అరుపు. యోమ్ తెలియకుండానే ఫోన్ మీదకి వంగాడు. ప్యో రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

రిసీవర్ మళ్ళీ ఎత్తారు.

"కట్టేశాను. కానీ మొదలుపెట్టి రెండు నిమిషాలైంది." ఊపిరి ఆడట్లేదు ఆమెకి. "నడుము కింద వరకే మత్తు, మనిషి మెలకువగానే ఉంది. మెడ గోక్కుంటోంది. పెదవులు వాస్తున్నాయి."

మిరాన్ రెండు చేతులతో రిసీవర్ని గట్టిగా పట్టుకుంది. గొంతు మాత్రం వార్డులో మాట్లాడేటప్పటిలా నిలకడగా వచ్చింది.

"డాక్టర్‌ని పిలు. ఆడ్రినలిన్ తీయ్, తొడలోకి ఇవ్వాలి. కాళ్ళు పైకెత్తండి. రక్తపోటు ఎంతుందో గట్టిగా చదువు, నేను వింటున్నాను."

"తొంభై" అంది అవతలి గొంతు. కాసేపటికి మళ్ళీ, "డెబ్భై."